హాటీ మెక్‌డానియెల్: ఆస్కార్ నుంచి శ్మశానం దాకా

హాటీ మెక్‌డానియెల్ తల్లిదండ్రులు బానిసత్వంలో పుట్టినవారు. తండ్రి హెన్రీ అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం తరఫున పోరాడాడు. పాటలు పాడుతూ, పాట లేనప్పుడు పాచిపని చేస్తూ ఆమె హాలీవుడ్ చేరింది. అక్కడా ఎక్కువగా పనిమనిషి వేషాలే దక్కాయి.

1939లో అట్లాంటాలో జరిగిన 'గాన్ విత్ ది విండ్' తొలి ప్రదర్శనకు, వర్ణవివక్ష చట్టాల వల్ల ఆమె వెళ్లలేకపోయింది. ఆ సినిమాకే 1940 ఫిబ్రవరి 29న ఆస్కార్ అందుకుంది. అది పొందిన మొదటి నల్లజాతి నటి ఆమె. ఆ రాత్రి ఆమెను కూర్చోబెట్టింది మాత్రం ఓ పక్కన వేసిన విడి బల్ల దగ్గర. రెండు గ్లాసుల పద్ధతి చూసిన మనకు ఆ బల్ల గురించి వివరించనక్కర్లేదు.

ఆమె పాత్రలు జాతిని కించపరుస్తున్నాయని నల్లజాతి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ నాయకులు విమర్శించారు. విమర్శలో న్యాయముంది. కానీ స్టూడియోలు తెల్లవాళ్ల చేతుల్లో ఉన్నాయని మరవలేం.

లాస్ ఏంజెలస్‌లోని షుగర్ హిల్ నుంచి నల్లవారిని ఖాళీ చేయించాలని తెల్ల పొరుగువారు కేసు వేస్తే, తోటివారిని కూడగట్టి 1945లో గెలిచింది. 1952లో చనిపోయినప్పుడు, ఆమె కోరుకున్న హాలీవుడ్ శ్మశానం చోటివ్వలేదు. అక్కడ స్మారక శిల వెలిసింది 1999లో. ఆస్కార్‌తో పాటు ఆ కేసునూ గుర్తుపెట్టుకోవాలంటాం మేము.