కట్టమంచివారి స్వతంత్రబుద్ధి



మన కులమున జన్మించి లోకమునకు మేలొనర్చిన యొక మహనీయుని చరిత్రమును వార్షిక సభా సంచికయందు ప్రకటించుట ఆచారమై యున్నది. ఎఱ్ఱగుంట్లలో జరుగు ఈ సభకై మేము వ్రాయ నుద్యమించినది కీర్తిశేషులు సర్ కట్టమంచి రామలింగారెడ్డిగారి చరిత్రము. దాతల చరిత్రము వ్రాయుట సులభము. వారు కట్టించిన సత్రము, త్రవ్వించిన చెరువు కన్నులకు కానవచ్చును. రెడ్డిగారు మనకు విడిచిపోయిన ధనము అట్టిది కాదు. తాను చేరిన పక్షము దారి తప్పినదని తోచినపుడు, ఆ పక్షమువారి యెదుటనే ఆ మాట చెప్పుట యెట్లో వారు చూపిపోయిరి. మన సీమకు అంతకన్న కావలసిన దానము వేరొకటి లేదని మా తలంపు.

పార్టీ యను మాట మన పల్లెలకు ఢిల్లీనుండి వచ్చినది కాదు. రాజకీయ పక్షములు రాకపూర్వమే గ్రామమునకు రెండేసి పార్టీలుండెడివి. తండ్రి యే పార్టీయో కొడుకు నదే పార్టీ. తనవాడు చేసిన తప్పు తప్పు కాదు. ఎదుటివాడు చెప్పిన ఒప్పు ఒప్పు కాదు. తరువాత జెండాలు వచ్చినవి, రంగులు మారినవి. కట్టుబాటు మాత్రము పాతదే. ఇంటి పార్టీ వేరైనందున తోడి బాలుని ప్రక్కన కూర్చుండనొల్లని పిల్లలను మేము ఉపాధ్యాయవృత్తిలో నుండగా చూచితిమి. ఈ పట్టుదలవలన ఎన్ని యిండ్లలో దీపమారిపోయినదో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల పెద్దలకు మేము చెప్పనక్కరలేదు. ఈ సంగతి మనసున నుంచుకొని చదువరులు ఈ చరిత్రమును చదువ ప్రార్థితులు.

రామలింగారెడ్డిగారు 1880వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన చిత్తూరు చెంతనున్న కట్టమంచి గ్రామమున జన్మించిరి. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డిగారు న్యాయవాది. ఆనాటికి చిత్తూరు ఉత్తరార్కాటు జిల్లాలోనిది. 1911లో ఆ జిల్లానుండి కొంతయు, మన కడప జిల్లానుండి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలును చేర్చి చిత్తూరు జిల్లా నేర్పరచిరి. కావున వారిని పొరుగువారనుటకంటె మనవారనుటయే సమంజసము.

చెన్నపురి క్రైస్తవ కళాశాలలో చదువుచు, 1899లో వారు ముసలమ్మ మరణమను కావ్యమును వ్రాసి అచ్చటి పోటీలో బహుమతి గెలిచిరి. అనంతపురము దగ్గర బుక్కరాయసముద్రమున చెరువుకట్ట తెగబోవు సమయమున, ఊరిని కాపాడుటకై తన ప్రాణము నర్పించిన ఒక రెడ్డి యింటి కోడలి కథ యది. రాజులను, రాజపుత్రికలను వర్ణించుట కవులకు పరిపాటియైన కాలమున, ఒక పల్లెపడుచును కావ్యనాయికగా నిలుపుటయే ఆ యువకుని స్వతంత్రబుద్ధికి తొలి గుర్తు.

పిమ్మట ప్రభుత్వ విద్యార్థివేతనముతో ఇంగ్లండునకేగి కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చరిత్రము నభ్యసించి ప్రథమశ్రేణిలో కృతార్థులైరి. అచ్చటి విద్యార్థుల వాదసభయగు యూనియనునకు ఉపాధ్యక్షులుగా ఎన్నికైరి. ఆ సభలో ఎదుటి పక్షపు వాదమును చివరివరకు విని, దానికి ప్రత్యుత్తరమిచ్చుట నియమము. మన యూళ్ల రచ్చబండలకు లేని చదువు ఇదియే. స్వదేశమునకు మరలి బరోడా కళాశాలలో కొంతకాలము పనిచేసి, తరువాత మైసూరు సంస్థానమున చరిత్రాచార్యులుగను, మహారాజా కళాశాలాధ్యక్షులుగను, తుదకు విద్యాశాఖాధిపతులుగను నుండిరి. పంచముల పిల్లలకు ప్రభుత్వ పాఠశాలల తలుపులు తెరపించుటకు వారచ్చట పాటుపడిరి. అగ్రకులములకు రుచింపని పని యది. అగ్రకులమున పుట్టినవారే దానిని చేసిరి.

ఇక ముఖ్యమైన ఘట్టమునకు వత్తము. మైసూరు కొలువు విడిచి చిత్తూరునకు వచ్చిన రెడ్డిగారు జస్టిసు పార్టీలో చేరి మద్రాసు శాసనమండలి సభ్యులైరి. 1916లో బ్రాహ్మణేతరుల హక్కులకై పుట్టిన ఆ పక్షము 1920 ఎన్నికలలో గెలిచి, చెన్నపురి రాష్ట్రమున మంత్రివర్గము నేర్పరచియుండెను. మన కులములోని పెద్దలనేకులు ఆ పక్షమును తమదిగా భావించిరి. అది చేసిన మేలును మేము కాదనము. ఒక వర్గమువారి చేతిలోనే యుండిన కొలువులలో ఇతరులకును పాలు కల్పించుటకు 1921లోనే ఉత్తరువులు వెలువడినవి. అట్టి పక్షమును మనవాడొకడు ప్రశ్నించుట మనవారికే ద్రోహమని నాడు కొందరు తలచియుందురు. నేడైనను తలతురు.

1923లో రెండవ ఎన్నికలు జరిగి పానగల్లు రాజావారు మరల ప్రధానమంత్రులైరి. ఆ సమయమున రామలింగారెడ్డిగారు కొందరు సభ్యులతో పక్షమును వీడి ప్రత్యేక బృందమై నిలిచిరి. నాయకత్వము ఒకరిద్దరి యిష్టమునకు లోబడినదనియు, ఎల్లరి మాటకు విలువ లేకపోయినదనియు వారి యారోపణము. నవంబరు నెలాఖరున మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానమును రెడ్డిగారే ప్రతిపాదించిరి. మన దేశ శాసనసభల చరిత్రలో మిక్కిలి తొలినాటి అవిశ్వాస తీర్మానమది. తీర్మానము ఇరువది యోట్లకు పైబడిన తేడాతో వీగిపోయెను, మంత్రివర్గము నిలిచెను.

ఓడిన ఈ కార్యమును మేమేల కొనియాడుచున్నాము? ఆలోచింపుడు. రెడ్డిగారు తమ పక్షమున మిన్నకుండినచో గౌరవమునకు లోటు లేదు. మాటకారి, విద్యావంతుడు, గెలిచిన పక్షమువాడు. ఓర్పుతో నుండిన పదవియు రాగలదు. అసంతృప్తియున్నచో చాటున గొణుగుకొనవచ్చును, రాత్రివేళ ఎదుటివారితో మంతనములాడవచ్చును. ఇవి మనకు క్రొత్త విద్యలు కావు. వారు పగటివెలుగున, నిండుసభలో, తన కారణములను చెప్పి, ఓట్లు లెక్కింపుడని నిలిచిరి. ఓడి కూర్చుండిరి. గోడమీది పిల్లికిని స్వతంత్రునకును భేదమిదియే. పిల్లి యెటు దూకవలెనో చూచుకొనును; స్వతంత్రుడు తానెచట నిలిచినాడో చెప్పును.

ఇంకొక విశేషము గమనింపదగినది. ఏ మంత్రివర్గమును కూలద్రోయ నెంచిరో, ఆ మంత్రివర్గపు కాలముననే, ఆ మంత్రివర్గమున విద్యామంత్రియగు ఏ. పి. పాత్రోగారి యాజమాన్యముననే, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయ శాసనము వెలువడెను. దానికి తొలి ఉపాధ్యక్షులుగా రామలింగారెడ్డిగారే నియుక్తులైరి. ఎదిరించినవాడని యోగ్యుని త్రోసిపుచ్చకుండుట ఆనాటి పాలకుల పెద్దరికము. మన గ్రామములలో ఎదిరి పార్టీవానికి చెరువునీటి వంతు నిచ్చుటకే మనసొప్పదు.

బెజవాడలో ఆరంభమైన ఆ విద్యాపీఠమును రెడ్డిగారు బిడ్డవలె పెంచిరి. వారు ఆజన్మ బ్రహ్మచారులు. విశ్వవిద్యాలయమే వారి సంసారమనిన తప్పు లేదు. అట్టిదానిని 1930లో వారే విడిచిరి. ఉప్పు సత్యాగ్రహ కాలమున ప్రభుత్వము ప్రజలపై సాగించిన దమననీతికి నిరసనగా తమ పదవికి రాజీనామా నిచ్చిరి. వారు సత్యాగ్రహి కారు, ఖద్దరు సేనలో చేరినవారు కారు. తమ పక్షమువారు దెబ్బలు తినుచున్నారని కాదు, దెబ్బలు కొట్టుట అన్యాయమని వారు లేచి వచ్చిరి. తనవానికై పోరాడువారు మన సీమలో వేలకు వేలు. తనవాడు కానివానికై తన కుర్చీని విడుచువాడు ఎచ్చటనైనను అరుదు.

సాహిత్యమునను వారి నడవడి యిట్టిదే. 1914లో ప్రకటితమైన కవిత్వతత్త్వ విచారమున, పండితలోకము తలనిడుకొని కొలుచు ప్రబంధములను యుక్తికి నిలుపదగునా యని పరీక్షించి, పింగళి సూరన్న కళాపూర్ణోదయాదులకు పెద్దపీట వేసిరి. సంస్కృతము చదువుకొన్న మాబోంట్లకు ఆ గ్రంథమున కొన్ని తీర్పులు నేటికిని కటువుగనే తోచును. అయినను, పెద్దలు మెచ్చినారు గనుక మెచ్చవలెనను వాదమునకు సాహిత్యమునను చోటు లేదని ఆ గ్రంథము మాకు నేర్పినది.

సత్యము చెప్పబూనినపుడు మచ్చలను దాచరాదు. 1930 తరువాత వారు కొంతకాలము కాంగ్రెసునకు చేరువైరి, దానితోను నిలువలేదు. 1936లో మరల విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులై 1949 వరకు వాల్తేరున ఆ సంస్థను నడపిరి. జయపురాధీశులగు విక్రమదేవవర్మగారి యేటేటి లక్ష రూపాయల దానమునకు తోడుగా నిలిచి విజ్ఞానశాస్త్ర శాఖలను పెంపొందించిరి. 1937లో నేర్పడిన కాంగ్రెసు మంత్రివర్గముల పాలనను విమర్శించుచు ఆంగ్లమున గ్రంథము వ్రాసిరి. మంత్రులు తమ్మెన్నుకొనిన సభకు ఉత్తరవాదులా, పక్షపు పెద్దలకు ఉత్తరవాదులా యను ప్రశ్న ఆనాడు దేశమెల్ల చర్చకు వచ్చినది, నేటికిని తీరలేదు. అయితే దేశభక్తులు వేలకొలది చెరసాలల కేగిన 1942వ సంవత్సరముననే రెడ్డిగారు సర్ బిరుదమును స్వీకరించిరి. 1930లో కుర్చీని విడిచినవారు 1942లో బిరుదము నేల గొనిరని అడుగువారి ప్రశ్న న్యాయమైనదే. విశ్వవిద్యాలయమును నిలుపుకొనుటకని కొందరు సమాధానము చెప్పుదురు. మాకు ఆ సమాధానము తృప్తినీయలేదు. స్వతంత్రబుద్ధి యనగా తప్పని బుద్ధి యని యర్థము కాదు. తన తప్పునకు తానే బాధ్యుడగు బుద్ధి యని యర్థము. వారి యొప్పులును తప్పులును వారివే; ఏ పక్షమును వారి నోట మాటలాడలేదు.

మరియొక లోటు కలదు. పక్షములలో నిలువనివారికి వెంట నడచువారుండరు. వారి మేధకు తగిన రాజ్యాధికారము వారికెన్నడును రాలేదు. స్వాతంత్ర్యమునకు వెల యదియే. ఆ వెలను వారే చెల్లించిరి, ఇతరులచే చెల్లింపలేదు. 1949 తరువాత మైసూరు విశ్వవిద్యాలయమునకు ప్రో ఛాన్సలరుగా నుండి, 1951 ఫిబ్రవరి 24వ తేదీన దివంగతులైరి.

నేడు 1985 నాటి రాజ్యాంగ సవరణముచే పక్షము మారిన శాసనసభ్యుడు తన స్థానమును పోగొట్టుకొనును. అమ్ముడుపోవువారిని అరికట్టుటకు అది యవసరమే. కాని ఆ శాసనమే, పక్షపు ఆజ్ఞను కాదని ఓటు వేసిన మనస్సాక్షి గలవానిని సైతము పట్టుకొనును. ఇరువురిని వేరుచేయు కన్ను శాసనమునకు లేదు, అది ప్రజలకుండవలెను. కండువా మార్చినవాడెవడైనను కనబడినపుడు రెండు ప్రశ్నలు చాలును: కారణమును పదుగురిలో చెప్పెనా? మారుటవలన పొందినదెక్కువా, పోగొట్టుకొనినదెక్కువా? 1923లోను, 1930లోను రామలింగారెడ్డిగారి లెక్క యెట్లున్నదో పైన చెప్పితిమి.

సంఘ బంధువులారా! ఎన్నికలు వచ్చినపుడెల్ల మన సంఘము ఏకముఖముగా ఒక పక్షమునకు నిలువవలెనని కోరువారు మనలో కలరు. వారి యభిమానమును మేము శంకింపము. కాని మనము గర్వించి చెప్పుకొను ఈ మహనీయుడు, మనవారు తమదనుకొన్న పక్షమునకే ఎదురునిలిచెనని మరువరాదు. సంఘము చేయదగిన పనులు వసతిగృహములు, విద్యార్థివేతనములు, కక్షల మాన్పుట. ఓటు మాత్రము ఎవని మనసున కతడే విడువదగినది. ఒకే యింట అన్నదమ్ములు వేరు వేరు పక్షములకు ఓటు వేసి, సాయంకాలమున ఒకే పంక్తిని భుజించుదినము మన పల్లెలకు వచ్చినపుడు కట్టమంచివారి ఋణము కొంత తీరినట్లగును. ఆ దినము త్వరలో వచ్చుగాక యని ఆశించుచు విరమించుచున్నాము.