సతీష్ ధవన్: శ్రీహరికోట పెద్దదిక్కు

శ్రీహరికోటలో రాకెట్టు లేస్తే మా పొలం గట్టు మీదికి పొగచార కనిపిస్తుంది. ఆ కేంద్రానికి సతీష్ ధవన్ పేరు ఎందుకు పెట్టారని అడిగితే మాత్రం మా పక్క చాలామంది చెప్పలేరు. రైతుబిడ్డనైన నేను సైన్సు చదువుకు వచ్చాకనే ఆయన కథ తెలుసుకున్నాను.

ధవన్‌గారు 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో జన్మించారు. లాహోరులో గణిత, భౌతికశాస్త్రాలతో బి.ఏ., ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ., ఆపైన మెకానికల్ ఇంజనీరింగు చదివారు. అమెరికాలో విమానశాస్త్రం అభ్యసించి, 1951లో కాల్టెక్ నుంచి డాక్టరేటు పొందారు. అదే ఏడు బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో చేరి, 1962లో దానికి డైరెక్టరయ్యారు. 1972లో ఇస్రో బాధ్యత కూడా ఆయన భుజాన పడింది.

విమానశాస్త్రంలో ఒక పాఠం ఉంది. చిన్న విమానం నేల విడిచిన కాసేపటికే ఇంజను ఆగిపోతే, వెనక్కి తిరిగి రన్‌వే చేరుకుందామనే పైలట్‌కు తోస్తుంది. తక్కువ ఎత్తులో ఆ మలుపే ప్రాణాలు తీస్తుంది. వేగం తగ్గి, రెక్కలకు గాలి పట్టు తప్పి విమానం కూలుతుంది. కాబట్టి వెంటనే ముక్కు దించి, వేగం నిలుపుకుని, ఎదురుగా ఉన్న ఖాళీ జాగాలో దిగాలి. రాకెట్టులో ఆ పైలట్ కూడా ఉండడు.

1979 ఆగస్టు 10న మన తీరం నుంచి ఎస్.ఎల్.వి.-3 మొదటిసారి లేచింది. పొడవు 22 మీటర్లు, బరువు 17 టన్నులు, నాలుగు దశలు. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాంగారు. మొదటి దశ చక్కగా మండింది. రెండో దశలో అదుపు తప్పింది. దారి సరిదిద్దే ఏర్పాటుకు కావలసిన నైట్రిక్ ఆమ్లం ఒక వాల్వు లోపం వల్ల ముందే కారిపోయిందట. 317 సెకన్లకు అంతా బంగాళాఖాతం పాలయింది.

ఏళ్ళ తరబడి పడిన శ్రమ! ప్రజల సొమ్ము! విలేఖరుల ఎదుటికి ఎవరు వెళ్ళాలి? కలాంగారిని వెనక ఉంచి ధవన్‌గారే వెళ్ళారు. వైఫల్యం తనదిగా చెప్పుకుని, తమ కుర్రాళ్ళ మీద నమ్మకం ఉందని ప్రకటించారు. అలాగని లోపాన్ని కప్పిపెట్టలేదు. ఎక్కడ చెడిందో క్షుణ్ణంగా వెదికించారు. దోషిని వెదకలేదు, దోషాన్ని వెదికారు.

ఏడాది తిరగలేదు. 1980 జూలై 18న అదే ఎస్.ఎల్.వి.-3, 35 కిలోల రోహిణిని కక్ష్యలో పెట్టింది. ఈసారి విలేఖరుల ముందుకు కలాంగారినే పంపారు. నింద తన నెత్తిన వేసుకుని, మెప్పు చిన్నవాళ్ళకిచ్చారు.

పంట పోయిన ఏడు పాలేరు మీద విరుచుకుపడే ఆసామిని, మళ్ళీ విత్తనం చేతికిచ్చే ఆసామిని మా పల్లెల్లో ఇద్దరినీ చూస్తాం. రెండో ఆసామి చేలోనే మరుసటేడు మనసుపెట్టి పనిచేసేవాళ్ళుంటారు. ధవన్‌గారు ఆ కోవలోని మనిషి.

1984లో ఇస్రో బాధ్యత దించుకున్నాక పులికాట్ పక్షుల ఎగురుడు గమనించి, పక్షుల గమనం మీద పుస్తకం రాశారు. 2002 జనవరి 3న కన్నుమూశారు. ఆ ఏడే శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు.

మిత్రులారా! రేపు మనమూ ప్రయోగశాలలకో, ఆఫీసులకో పెద్దలమవుతాం. మన కింద పనిచేసేవాళ్ళ రాకెట్టు ఒకరోజు సముద్రంలో పడుతుంది. ఆనాడు మైకు ముందు నిలబడేది ఎవరో ఇప్పుడే నిశ్చయించుకుందాం.