హారీ రికార్డో

సర్ హారీ రాల్ఫ్ రికార్డో (జనవరి 26, 1885 - మే 18, 1974) ఇంగ్లాండుకు చెందిన ప్రముఖ ఇంజనీరు, అంతర్దహన యంత్రాల పరిశోధకుడు. పెట్రోలు ఇంజను శక్తికి హద్దు గీస్తున్నది లోహపు బలం మాత్రమే కాదనీ, సిలిండరులోని తీవ్రమైన వేడికి ఇంధనం తట్టుకోలేకపోవడమే ప్రధాన కారణమనీ ప్రయోగపూర్వకంగా చూపినవారిలో ఈయన అగ్రగణ్యుడు.

బాల్యం, విద్య

రికార్డో లండన్ నగరంలో జన్మించాడు. తండ్రి హాల్సీ రికార్డో వాస్తుశిల్పి. ప్రఖ్యాత ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో వీరి వంశీయుడే. తల్లి తండ్రి సర్ అలెగ్జాండర్ మెడోస్ రెండెల్‌కు భారతదేశంతో సంబంధం ఉంది. సింధునదిపై సుక్కూరు వద్ద 1889లో పూర్తయిన లాన్స్‌డౌన్ వంతెనను (ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది) రూపొందించినది ఆయనే.

రికార్డో 1903లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరాడు. మరుసటి సంవత్సరం అక్కడి మోటారు సంఘం ఒక పోటీ నిర్వహించింది. ఒక క్వార్టు (సుమారు 1.14 లీటర్లు) పెట్రోలుతో ఎవరి వాహనం ఎక్కువ దూరం పోతుందో వారే విజేత. రికార్డో తాను స్వయంగా తయారుచేసిన మోటారు సైకిలుతో దాదాపు 64 కిలోమీటర్లు ప్రయాణించి గెలిచాడు. పోటీలో అన్నింటికంటే బరువైన వాహనం అదే కావడం విశేషం. దీనితో ఆచార్య బెర్ట్రామ్ హాప్కిన్సన్ ఇతనిని ఇంజన్ల పరిశోధనలోకి ఆహ్వానించాడు.

నాకింగ్‌పై పరిశోధన

ఇంజనులో సంపీడన నిష్పత్తిని పెంచితే అదే ఇంధనంతో ఎక్కువ శక్తి లభిస్తుంది. అయితే ఒక హద్దు దాటగానే సిలిండరులో సుత్తితో కొట్టినట్లు చప్పుడు మొదలవుతుంది. దీనినే నాకింగ్ అంటారు. నిప్పురవ్వ పుట్టకముందే వాయువు అంటుకోవడం వలన ఇది జరుగుతున్నదని ఆ రోజుల్లో చాలామంది భావించేవారు. రికార్డో వివరణ వేరు. నిప్పురవ్వతో పుట్టిన మంట ముందుకు సాగుతూ, ఇంకా మండని వాయువును చివరి మూలకు నొక్కివేస్తుంది. ఆ ఒత్తిడికి వేడెక్కిన వాయువు, మంట తనను చేరకముందే ఒక్కసారిగా తానే పేలుతుంది. మండుతున్న వాయువుల ఉష్ణోగ్రత 2000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది; అల్యూమినియం సుమారు 660 డిగ్రీల వద్దనే కరుగుతుంది. మామూలుగా లోహాన్ని అంటిపెట్టుకొని ఉండే పలుచని చల్లని వాయుపొర దానిని కాపాడుతూ ఉంటుంది. నాకింగ్ ఆ పొరను చెదరగొట్టడంతో వేడి నేరుగా పిస్టన్‌లోకి ప్రవేశించి, చివరకు దానికి రంధ్రం పడుతుంది. పందెపు ఇంజన్లు నిమిషాలలో పాడైపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

మంట తక్కువ సమయంలో సిలిండరంతా వ్యాపిస్తే చివరి వాయువు పేలడానికి వ్యవధి ఉండదు. ఈ ఆలోచనతోనే వాయువును బాగా సుడులు తిప్పే సిలిండరు మూతను రికార్డో రూపొందించాడు. చవక కార్ల ఇంజన్లకు ఇది ఎంతో ఉపకరించింది.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో షెల్ సంస్థ పంపిన పెట్రోలు నమూనాలను రికార్డో పరీక్షించాడు. అప్పట్లో పెట్రోలు ఎంత తేలికగా ఉంటే అంత మేలైనదని లెక్క. అందుచేత బోర్నియో ద్వీపంలో లభించే బరువైన పెట్రోలును పనికిరానిదిగా తలచి అక్కడే తగులబెట్టేవారు. పరీక్షలో నాకింగ్‌ను బాగా తట్టుకున్నది సరిగ్గా అదే! దానిలోని ఆరోమాటిక్ పదార్థాలే ఇందుకు కారణం. యుద్ధం తరువాత షోర్‌హామ్‌లోని తన ప్రయోగశాలలో, నడుస్తుండగానే సంపీడన నిష్పత్తిని మార్చగల ఇంజనును నిర్మించి, హెన్రీ టిజార్డ్, డేవిడ్ పైలతో కలిసి ఇంధనాలను కొలిచాడు. టోలీన్‌ను ప్రమాణంగా తీసుకున్న ఈ కొలమానం తరువాత వచ్చిన ఆక్టేన్ సంఖ్యకు పూర్వగామి.

పందెపు ఇంజన్లు

ఆల్కహాలు కలిసిన పందెపు ఇంధనాలపై కూడా రికార్డో కృషి చేశాడు. మిథైల్ ఆల్కహాలు ఆవిరి కావడానికి పెట్రోలుకంటే సుమారు మూడింతల గుప్తోష్ణం అవసరం. ఆ వేడిని లోపలికి వచ్చే గాలి నుండి, లోహం నుండి గ్రహించడం వలన ఇంజను లోపలే చల్లబడుతుంది. 1922లో ఐల్ ఆఫ్ మాన్ పందెం కోసం ఈయన రూపొందించిన వాక్స్‌హాల్ 3 లీటర్ల ఇంజను 129 అశ్వసామర్థ్యాన్ని ఇచ్చింది. ఆ పందెంలో కారు మూడవ స్థానం పొందింది. ఈయన రూపకల్పన చేసిన నాలుగు కవాటాల ట్రయంఫ్ మోటారు సైకిలును సహచరుడు ఫ్రాంక్ హాల్ఫర్డ్ పందాలలో నడిపాడు.

ఇతర కృషి

బ్రిటిష్ మార్క్-5 యుద్ధ ట్యాంకులకు 150 అశ్వసామర్థ్యపు ఇంజనును రూపొందించినది రికార్డోయే. పాత ఇంజన్ల పొగ ట్యాంకు ఉనికిని శత్రువుకు పట్టి ఇచ్చేది. కొత్తదానిలో ఆ బెడద తగ్గింది.

ఎర్రగా కాలిపోయే ఎగ్జాస్టు కవాటం కూడా నాకింగ్‌ను ప్రేరేపిస్తుంది. కాబట్టి దానిని పూర్తిగా తొలగించే స్లీవ్ కవాటాన్ని రికార్డో సమర్థించాడు. బ్రిస్టల్ సంస్థ హెర్క్యులిస్, హాల్ఫర్డ్ రూపొందించిన నేపియర్ సేబర్ విమాన ఇంజన్లు ఈ పద్ధతివే. డీజిల్ ఇంజన్లకై రూపొందించిన కామెట్ దహనపేటిక 1931లో లండన్ బస్సులలోకి వచ్చింది.

గౌరవాలు, మరణం

రికార్డో 1929లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1948లో సర్ బిరుదు పొందాడు. ఈయన ఆత్మకథ 1968లో వెలువడింది. 1974లో కింద పడి కాలు విరగగా, కొద్ది వారాల తరువాత 89వ యేట మరణించాడు.