గుంటూరు వైద్యశాల: డాక్టరు కుగ్లరు

గుంటూరు ప్రాంతమువారికి కుగ్లరు ఆసుపత్రి పేరు చిరపరిచితము. అచ్చట పురుడు పోసికొన్న తల్లులకును, అచ్చట పుట్టిన బిడ్డలకును లెక్క లేదు. కాని ఆ పేరుగల మనిషి వృత్తాంతము నెరిగినవారు తక్కువ. ఆమె వైద్యవిద్య నభ్యసించి, వైద్యము చేయుటకే ఈ దేశమునకు రాదలచి, తుదకు వైద్యురాలుగా గాక వేఱు పనికై యిచ్చటికి రావలసివచ్చెను.

ఆన్నా సారా కుగ్లరు 1856వ సంవత్సరము ఏప్రిలు 19వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున ఆర్డుమూరను గ్రామమందు జన్మించెను. ఆ దినములలో స్త్రీలు వైద్యము నేర్చుట అమెరికాలో సైతము వింతగనే యుండెను. 1849లో ఎలిజబెత్తు బ్లాక్వెల్లు పట్టము పొందినది మొదలు ఆ దారి కొంచెము తెరువబడినది. మరుసటి యేడు ఫిలడెల్ఫియా నగరమున స్త్రీలకొఱకే యొక వైద్యకళాశాల వెలసినది. కుగ్లరు 1879లో అచ్చట చదువు ముగించెను. మన ఆనందీబాయి జోషి 1886లో పట్టభద్రురాలైనదియు ఆ కళాశాలయందే. పిమ్మట కుగ్లరు నారిస్టౌనులోని ఉన్మాదవైద్యశాలయందు స్త్రీల విభాగమున రెండేండ్లు పనిచేసెను. గుంటూరునుండి రో అను మిషనరీ వ్రాసిన జాబు ఆమె మార్గమును మార్చివేసినది. ఇచ్చటి ఆడువారికి వైద్యురాలొకతె మిక్కిలి అవసరమని అందలి సారాంశము.

లూథరను సంఘపు స్త్రీశాఖవారు ఆమెను పంపుట కంగీకరించిరి. అయితే వైద్యశాఖను నెలకొల్పుటకు తామింకను సిద్ధముగా లేమని తెలిపిరి. కాబట్టి ఆమె ఇంటింటికిఁ బోయి స్త్రీలకు చదువు చెప్పు పనికి నియమింపబడి, 1883 ఆగస్టులో ఓడ నెక్కి, నవంబరు 29వ తేదీన గుంటూరు చేరెను. వైద్యురాలిని రప్పించి బోధకురాలి పని నప్పగించుట వింతగనే తోచును. ధనము లేని సంఘము అంతకంటె నేమి చేయఁగలిగెడిదని వారి పక్షమున చెప్పవచ్చును. కాని రోగమునకు సంఘతీర్మానముతో పని లేదు గదా! మొదటి సంవత్సరముననే ఆమె 185 మంది రోగులకు వారి యిండ్లయందును, 276 మందికి తన యింటియందును చికిత్స చేసెను.

ఆ కాలపు స్థితి యెట్టిదో యొకింత తలఁచుకొనవలెను. ఘోషాలో నుండు స్త్రీలు పురుషవైద్యునికి నాడి చూపుటయే దుర్లభము. ఇక దేహపరీక్ష మాట చెప్పనేల? ప్రసవము మంత్రసాని చేతిలో నుండెడిది. బిడ్డ అడ్డముగా నిలిచినను, తల్లి కటి యిఱుకై ప్రసవము సాగకున్నను, ఆమె యెరిగిన ఉపాయములు త్వరలోనే ముగిసెడివి. రెండు మూడు దినములు నొప్పులు పడి, శుభ్రముగాని చేతుల తాకుడుచే విషజ్వరము ప్రవేశించిన పిమ్మట డాక్టరును పిలిచినచో ఎంతటి నేర్పరియైనను చేయఁగలుగునది స్వల్పము. చెన్నపట్టణపు వైద్యకళాశాల 1875లోనే స్త్రీలను చేర్చుకొన్నది. 1885లో ఆ పట్టణముననే ఘోషా ఆసుపత్రి ఏర్పడినది. కాని కృష్ణా మండలమున కైనను, సేలము మండలమున మైసూరు సరిహద్దు నంటియున్న హోసూరు, మూకండపల్లి వంటి ఊళ్ల తెలుగువారి కైనను చెన్నపట్టణము దూరమే. పురిటినొప్పులు పడుచున్న స్త్రీకి ఆ దూరము మరింత దూరము.

అట్టిచోట కుగ్లరు చేయి చాచినంతమాత్రమున అందఱును చేయి యందీయలేదు. ఆమె పరదేశస్థురాలు, అన్యమతస్థురాలు. ఆమె తాకిన వస్తువు మైలయని భావించు ఇండ్లు పెక్కులు. ఇది మన సంఘపు లోపమే; దాఁచవలసిన పని లేదు. అట్లే మిషనువారి మందుతోబాటు మతబోధయు సాగెడిదనుటయు నిజమే. దానిఁగూర్చి మన పెద్దలలో అభిప్రాయభేదము లుండెను. కాని ప్రాణము మీఁదికి వచ్చినపుడు ఈ తర్కము లన్నియు గడపవద్దనే నిలిచిపోయెడివి. పెక్కుమంది తమ మతమును విడువకయే ఆమె మందును పుచ్చుకొనిరి.

1885లో ఆమె వైద్యురాలిగా నియమింపబడెను. పదవి వచ్చినది గాని ఆసుపత్రి రాలేదు. జ్వరమునకు మందు ఎవరి యింటనైనను ఈయవచ్చును. శస్త్రచికిత్స అట్లు కాదు. దానికి వెలుతురుగల గది, కాచిన నీరు, శుద్ధిచేసిన పనిముట్లు, మత్తుమందిచ్చుట కింకొక శిక్షితహస్తము కావలెను. అన్నింటికంటె ముఖ్యముగా, కత్తిపని ముగిసిన తరువాత పది పదునైదు దినములు రాత్రింబవళ్లు కనిపెట్టియుండు పరిచారిక లుండవలెను. గాయము కుళ్లుటకు కారణము కంటి కగపడని క్రిములని గ్రహించి, లిస్టరు తన క్రిమినాశక పద్ధతిని 1867లో ప్రకటించియే యుండెను. ఆ జ్ఞానమును చీఁకటి పురిటిగదిలో ప్రయోగించు టెట్లు? చికిత్స యేదియో తెలిసియుండియు, చేయుటకు చోటు లేక రోగిని విడువవలసివచ్చుట వైద్యునకు కలుగు కష్టములలో కడు దుస్సహమైనది. ఈ కష్టమును అనుభవించినవారు మన పాఠకులలోను ఉందురు.

ఆమె 1889లో స్వదేశమున కేగి, అచ్చట నున్నంతకాలము ఆసుపత్రికై నిధి కూర్చెను. తిరిగివచ్చిన పిమ్మట గుంటూరున 18 ఎకరముల స్థలము సేకరింపబడెను. 1893లో ఔషధశాల తెరువబడినది. ఏఁబది పడకల ఆసుపత్రి 1898 జూనునందు గాని సిద్ధము కాలేదు. పదవి కిని పడకకును నడుమ పదుమూడేండ్లు గడచినవి. ఆ నడుమ వచ్చిన స్త్రీల మాటయేమి?

ఆసుపత్రి తెఱచునాఁటికి ఆమె యొంటరి కాదు. 1895లో డాక్టరు మేరీ బేరు వచ్చి చేరెను. నర్సు కాథరీను ఫాసు మన బాలికలకు రోగిపరిచర్య నేర్పెను. ఈ చివరి పని సులభమైనది కాదు. పరులకు మలమూత్రము లెత్తు వృత్తిని గౌరవముగల కుటుంబములవారు అంగీకరింపని కాలమది. శస్త్రవైద్యుని కీర్తిలో సగము నర్సుదని డాక్టర్లెల్ల రెఱుఁగుదురు గాని, పత్రికలలో ఆ సగము కానరాదు.

రోగిని ఒంటరిగ ఆసుపత్రిలో విడిచిపోవు ఆచారము మనకు లేదు. తల్లి, అత్త, బిడ్డలు అందఱును వెంట వత్తురు. వండుకొనుటకు చోటు కావలెను. ఏలూరు జమీందారును సాహితీపరుఁడునగు రాజా భుజంగరావు బహద్దరుగారు, తమ కుటుంబమున కుగ్లరు చేసిన చికిత్సకు కృతజ్ఞతగా, ఆసుపత్రి కెదుట రోగుల బంధువులకై యొక సత్రమును కట్టించిరి. ఎన్ని పతకములకంటెను ఈ సత్రమే ఆమె గెలిచిన నమ్మకమునకు చక్కని గుఱుతని మా యభిప్రాయము. పతకమును లేకపోలేదు: 1905లో ప్రభుత్వమువారు ఆమెకు కైజరు-ఇ-హిందు పతకము నొసఁగిరి.

అటు పిమ్మట ప్రసవశాలయు, పిల్లల వార్డును, శస్త్రచికిత్సాగారమును ఒక్కొక్కటిగ లేచినవి. డాక్టరు బేరు చీరాలలో వైద్యము సాగించెను. 1904లో గుంటూరు ప్రత్యేక మండలమైనను, 1923లో విశాఖపట్టణమున వైద్యకళాశాల ఏర్పడువఱకు తెలుగుదేశపు తీరమండలములలో వైద్యకళాశాల పట్టము పొందఁదలచినవారికి చెన్నపట్టణమే శరణ్యముగ నుండెను. స్త్రీలకు వెల్లూరున ఐడా స్కడ్డరు 1918లో తెఱచిన పాఠశాల మఱియొక దారియైనది.

1928లో కుగ్లరు తన ఆసుపత్రి చరిత్రమును గ్రంథముగా ప్రచురించెను. అప్పటికామెకు డెబ్బదిరెండేండ్లు. 1930 జూలై 26వ తేదీన, గుంటూరు చేరిన నలువదియేడవ యేట, తాను కట్టించిన ఆ యాసుపత్రియందే ఆమె తుదిశ్వాస విడిచెను. ఆసుపత్రికి ఆమె పేరిడినది ఆ తరువాతనే.