ఓల్డ్‌హామ్ మహాశయుడు

1967 నాటి కొయ్నా భూకంపము బొంబాయిలోను తెలిసినదని పెద్దలవలన వినియున్నాము. కావున ఈ చరిత్రము వ్రాయుచున్నాము.

ఆర్. డి. ఓల్డ్‌హామ్ 1858లో జన్మించెను. తండ్రివలెనే భారత భూగర్భ పరిశోధన శాఖలో ఉద్యోగియయ్యెను. 1897 జూన్ 12న అస్సామున మహాభూకంపము సంభవింపగా, ఆ కొండలలో తిరిగి పరిశీలించెను. సర్వేవారు శిఖరములపై గుర్తులను మరల కొలువగా మునుపటి కోణములు సరిపడలేదు. గుర్తులే కదలినవి! లోపలి పగులు కంటికి కానరాదు. పైగుర్తులెంత జరిగినవో చూచి, లోపల రాయి యెంత జారెనో గణింపవలెను. ఆ కొలతలనాయన 1899లో ప్రకటించెను. భూమికి నడిమిగోళమున్నదని 1906లో చూపినదియు నీయనయే. అది వేఱు కథ.

1936లో గతించెను. 2001లో బిల్హామ్, ఇంగ్లండ్ అను శాస్త్రజ్ఞులు ఆ పాత కొలతలనే గణించి, షిల్లాంగు పీఠభూమి ఉత్తరపుటంచు 11 మీటర్లకు తక్కువగాక లేచెననియు, దానిక్రింద సుమారు 110 కిలోమీటర్ల పగులు దాగియున్నదనియు తేల్చిరి. ఆ పగులునకు ఓల్డ్‌హామ్ పేరే పెట్టిరి.