నిట్టూర్పును ప్రార్థనగా మార్చిన గురువు

పద్దెనిమిదవ శతాబ్దమున తూర్పు ఐరోపాలోని యూదులు పేదఱికమువలనను, పరుల ద్వేషమువలనను మిక్కిలి బాధపడుచుండిరి. ఆ కాలమున బాల్ షెమ్ తోవ్ అను మహనీయుడు, దైవమును చేరుటకు పాండిత్యము కంటె నిర్మలమైన భక్తియు, సంతోషమును ముఖ్యములని బోధించి 1760లో మరణించెను. ఆయన మునిమనుమడే రబ్బీ నహ్మాన్. రబ్బీ యనగా యూదుల మతగురువు. నహ్మాన్ 1772వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన, నేటి ఉక్రెయిన్ దేశములోని మెజిబిజ్ పట్టణమున జన్మించెను.

బాల్యమునుండియు నహ్మాన్ ఏకాంతప్రియుడు. పదుమూడవ యేట వివాహమై అత్తవారి గ్రామమున నివసించుచు, ఒంటరిగా అడవులలో తిరుగుచుండెడివాడు. పడవ నడపుట తెలియకున్నను, చిన్న పడవ నెక్కి నడియేటికి పోయి, భయము కలిగినప్పుడు ఆ భయముతోనే దైవమును పిలుచుట అభ్యసించెనని శిష్యులు చెప్పుదురు.

1798లో ఆయన యెన్నో కష్టముల కోర్చి పవిత్రభూమికి యాత్ర చేసి, మరుసటి యేడు తిరిగి వచ్చెను. 1802లో బ్రాత్స్లావ్ పట్టణమున స్థిరపడెను. అచ్చట నేథన్ అను యువకుడు శిష్యుడై, గురువు బోధలను శ్రద్ధతో వ్రాసి కాపాడెను. వానిలో మొదటి సంపుటము 1808లో అచ్చయ్యెను.

ఆయన నేర్పిన ముఖ్యసాధనకు హిత్బొదెదుత్ అని పేరు. దినమున కొక గంటకాలము పొలమునకో, అడవికో, నిశ్శబ్దమైన గదికో పోయి, ఇంటిలో పలుకు మాటలతోనే భగవంతునికి మనసు విప్పి చెప్పుకొనవలెను. మాటలు రానిచో ఒక్క మాటనే మరల మరల పలికినను చాలును. తక్కిన దినమంతయు సంతోషముగా గడపవలెను. హీబ్రూ భాషలో గాలికిని, ఊపిరికిని, ఆత్మకును రూఅహ్ అను ఒకే పదము కలదు. మనుష్యుడు తన కొఱతను తలచి హృదయపూర్వకముగా విడుచు నిట్టూర్పు వ్యర్థము కాదనియు, ఆ దీర్ఘమైన ఊపిరి వలన దైవమిచ్చు ప్రాణశక్తి వచ్చి ఆ కొఱతను పూరించుననియు ఆయన వివరించెను.

ఈ బోధకు త్వరలోనే కఠినమైన పరీక్ష వచ్చెను. 1806లో ఆయన పసికుమారుడు మరణించెను. మరుసటి యేడు భార్య మరణించెను. ఆ యేడే ఆయనకు క్షయరోగము సోకెను. ఊపిరి మహిమను బోధించిన వానికి ఊపిరి తీయుటయే భారమయ్యెను. లెంబర్గు నగరమున చేయించిన చికిత్స వలన రోగము నయము కాలేదు.

1810లో ఆయన గృహము అగ్నికి ఆహుతి కాగా, ఆయన ఊమాన్ పట్టణమునకు తరలిపోయెను. 1768లో అచ్చట వేలకొలది యూదులు వధింపబడిరి. వారి సమాధుల చెంతనే తన దేహమును ఉంచవలెనని ఆయన కోరిక. ఆ వేసవిలో ఒక విశ్రాంతిదినమున ఆయన మిక్కిలి నీరసించి, తనకేమియు తెలియదని శిష్యులతో పలికెను. అయినను క్రమముగా ఉత్సాహము తెచ్చుకొని, లోకమున నిరాశకు చోటు లేదని దృఢముగా బోధించెను. అక్టోబరు 16వ తేదీన, ముప్పది యెనిమిదవ యేట ఆయన కన్ను మూసెను.

శిష్యులు ఆయన స్థానమున మఱియొక గురువును నిలుపుకొనలేదు. నేటికిని యూదుల నూతన సంవత్సరదినమున వేలకొలది యాత్రికులు ఊమాన్‌లోని ఆయన సమాధిని దర్శించుచుందురు.

విద్యార్థులారా! సుఖమున నున్నవాడు ఇతరులకు ధైర్యము చెప్పుట సులభము. ఊపిరి తీయలేని స్థితిలోను నిరాశను దరిచేరనీయక, ఇతరులకు ధైర్యము పంచుటయే నహ్మాన్ గొప్పతనము.