దిఙ్నాగుడు: వెతికి చూసి లేదన్న భిక్షువు



సికింద్రాబాద్‌లో రూము తీసుకుని రైల్వే ఉద్యోగ పరీక్షకు చదువుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రీజనింగ్ పేపర్లో సిలాజిజం ప్రశ్న మీకు తెలిసిందే. పెన్నులన్నీ పుస్తకాలు. కొన్ని పుస్తకాలు బల్లలు. కాబట్టి కొన్ని పెన్నులు బల్లలా? తొందరలో అవునని పెడతాం, మార్కు పోతుంది. బల్లలైన ఆ పుస్తకాల్లో పెన్నులు కూడా ఉన్నాయని ఎవరు చెప్పారు? ఇలాంటి తొందరకు దాదాపు పదిహేను వందల ఏళ్ళ కిందటే పగ్గం వేసిన బౌద్ధ భిక్షువు దిఙ్నాగుడు.

కంచి దగ్గర సింహవక్త్రంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, సంఘంలో చేరాడు. టిబెట్ చరిత్రకారులు ఒక కథ చెబుతారు. గురువు నాగదత్తుడు, మాటలకందని పుద్గలం ఒకటుంది, దాన్ని వెతకమన్నాడట. పుద్గలం అంటే ఆత్మకు దగ్గరి చుట్టమే లెండి. శిష్యుడు పగలు కిటికీలన్నీ తెరిచి, రాత్రి చుట్టూ దీపాలు పెట్టి, బట్టలు విప్పేసి ఒళ్ళంతా వెతికాడు. ఎక్కడా దొరకలేదని చెప్పేసరికి గురువు వెళ్ళగొట్టాడు. ఆ తరువాతే వసుబంధుడి దగ్గర చేరాడు. నలందలో వాదాలు గెలిచాడు.

ఆయన తర్కం చూడండి. కొండ మీద పొగ ఉంది, కాబట్టి నిప్పు ఉంది అంటే సరిపోదు. పొగ నిజంగా ఆ కొండ మీదే ఉందా? నిప్పున్న చోట, వంటింట్లో లాగా, పొగను చూశామా? నిప్పు లేని చోట, చెరువులో లాగా, పొగ ఎప్పుడూ లేదా? మూడూ నిలిస్తేనే హేతువు. హేతుచక్రంలో 9 గళ్ళు వేశాడు. సరైనవి 2, తలకిందులయ్యేవి 2, ఎటూ తేలనివి 5.

పరీక్షలో మాత్రం పెన్నులన్నీ పుస్తకాలంటే ఒప్పుకుని రాయాలి. బతుకులో అలా ఒప్పుకోబట్టే మన తాతలు మోసపోయారు. నువ్వు ఈ కులంలో పుట్టావు, కాబట్టి పోయిన జన్మలో పాపం చేశావు అన్నారు వాళ్ళతో. పుట్టింది నిజమే. కానీ పాపం చేసి ఇలా పుట్టినవాణ్ణి రెండు జన్మల్లోనూ చూసినవాళ్ళెవరు? ఇక్కడ వంటిల్లు ఏది? శాస్త్రంలో ఉందంటారా, దిఙ్నాగుడు ఒప్పుకున్న ప్రమాణాలు రెండే, ప్రత్యక్షమూ అనుమానమూ. శాస్త్రవాక్యాన్ని వేరే ప్రమాణంగా లెక్కించలేదు. ఆయన దారిలోనే వచ్చిన ధర్మకీర్తి ఇంకా తెగేసి చెప్పాడు: వేదమే ప్రమాణమనడం, కులగర్వం, రెండూ మూర్ఖత్వానికి గుర్తులేనని. బాబాసాహెబ్ కూడా 1957లో వెలువడిన బుద్ధుడు, ఆయన ధమ్మం గ్రంథంలో ఈ పూర్వజన్మ కర్మనే నిలదీశారు.

దిఙ్నాగుడు మన నేలకు దూరపువాడేం కాదు. 7వ శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చిన హ్యూయాన్‌త్సాంగ్, వేంగి రాజధానికి నైరుతిలో ఒక ఒంటరి కొండ ఉందనీ, దాని మీద రాతి స్తూపం ఉందనీ, దిఙ్నాగుడు హేతువిద్య రాసింది అక్కడేననీ రాసిపెట్టాడు. ఆ వేంగి ఏలూరు దగ్గరి పెదవేగి. సికింద్రాబాద్‌లో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఏలూరులో దిగొచ్చు. ఆయన మాత్రం చివరికి ఒడిశా అడవుల్లో కన్నుమూశాడంటారు. ఆయన ప్రమాణసముచ్చయం మనకు ఎక్కువగా టిబెట్ అనువాదాల ద్వారానే దక్కింది.